పక్క సీటావిడ పాము కడియం

పెళ్ళయి ఏడేళ్ళయినా పిల్లలు లేకపోవడంతో, ఒక డాక్టర్‌ని కలవడానికి అమెరికాలో మేముండే మోరిస్‌విల్ నుంచి వాషింగ్టన్‌కి రైల్లో వెళ్తున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ చేతికి పాము ఆకారంలో వెండి కడియం ఉంది. అది చూసి నేను కాస్త పక్కకు జరిగాను.

"పాములంటే భయమా?" అని ఇంగ్లీషులో అడిగిందావిడ.

"నాకు సర్పదోషం ఉందట. అందుకే పిల్లలు పుట్టడం లేదంటారు మావాళ్ళు." ముక్కూమొహం తెలియని మనిషికి అది ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

ఆవిడ పూర్వీకులు గ్రీకులు. "ప్రాచీన గ్రీసులో పాము వైద్యదేవుడికి తోడు. పిల్లలు లేని ఆడవాళ్ళు ఆయన గుడిలో నిద్ర చేసేవాళ్ళు. కలలో పాము కనిపిస్తే కడుపు పండుతుందని నమ్మేవాళ్ళు," అంది.

గుడిలో నిద్ర మా వైపూ చేస్తారు. కానీ పాము కలకి మేం భయపడతాం.

"పోయిన వారం నా కలలోకీ పాము వచ్చింది. అమ్మ శాంతి చేయించాలంది," అన్నాను.

"మా అమ్మమ్మైతే ఉయ్యాల కొనమనేది," అందావిడ నవ్వకుండానే.

ఆ కల శుభమో అశుభమో రైలు దిగేటప్పటికీ నాకు తేలలేదు. స్టేషన్ నుంచే ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, శాంతి పూజ ఇప్పుడే బుక్ చేయకు."

"ఎందుకే?"

"కలలో పాము మంచికే వచ్చిందేమోనమ్మా," అన్నాను.