కార్డున్నా వైవా తప్పదు

మా వైవా మేడం ఎవరినీ నమ్మదు. ముఖ్యంగా "నేను స్టూడెంట్‌ని" అన్నవాళ్లని అస్సలు నమ్మదు. కార్డు చూపించినా సరే, పరీక్ష పెడుతుంది.

మేమిద్దరం కంప్యూటర్లు అమ్మే షాపులో పనిచేసేవాళ్లం. విద్యార్థులకు అక్కడ పన్నెండు శాతం తగ్గింపు. ఎవరు విద్యార్థో, ఎవరు వేషగాడో తేల్చే గాజు గదిలో ఆవిడ, గది పక్కన బిల్లింగ్ కుర్చీలో నేను. ఆవిడ ఫారం మీద సంతకం పెట్టి కిటికీలోంచి తోస్తే, కింద నేనూ ఓ సంతకం గీకి బిల్లు కొట్టాలి. నేను పుట్టు పిరికివాణ్ణి. ప్రింటరు కాస్త గట్టిగా మూలిగినా ఉలిక్కిపడతాను. అలాంటివాణ్ణి ఏరికోరి ఆవిడ పక్కన కూర్చోబెట్టారు.

మొదటి రోజే నన్నూ నిలబెట్టేసింది.

"బిల్లింగుకి వచ్చావా? రుజువేంటి?"

ఉద్యోగం కాగితం తీసి చూపించాను.

"కాగితాలదేముంది బాబూ, అందరి దగ్గరా ఉంటాయి. పన్నెండు ఎనిమిదులు?"

"తొంభై నాలుగు... కాదు కాదు, తొంభై ఆరు!"

"సరే, కూర్చో."

ఆ రోజు నుంచి నేను కూర్చున్నానే గాని, స్థిమితంగా కూర్చోలేదు.

పళ్ల డాక్టరు చదువుతున్న కుర్రాడొకడు వచ్చాడు. కార్డు మీద ఫోటో, ముద్ర, అన్నీ ఉన్నాయి. ఆవిడ కార్డు పక్కన పెట్టి నోరు బార్లా తెరిచింది. "ఎన్ని పుచ్చాయో చెప్పు." వాడు వణుకుతూ తొంగిచూసి, "మూడు మేడం... ఆగండి, నాలుగు" అన్నాడు. "నాలుగోది మా డాక్టరు చెప్పలేదే!" అంటూ ఆవిడ చెంప పట్టుకునే సంతకం పెట్టింది. ఇంకోడు లా స్టూడెంటు. "నీకు తగ్గింపు ఇవ్వను. వాదించు" అంది. వాడు నలభై నిమిషాలు వాదించాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నేలమీద చతికిలబడ్డారు.

సూటూ బూటూ వేసుకున్న ఒకాయన మాత్రం ఏం అడిగినా తడుముకోకుండా చెప్పాడు. చివరికి ఆవిడ, "మీ కాలేజీ క్యాంటీన్‌లో టీ ఎలా ఉంటుంది?" అంది.

"అద్భుతంగా ఉంటుంది మేడం."

"తరువాత!"

వచ్చినవాణ్ణి పంపేసి వరుసలో వెనకవాణ్ణి పిలిచే ఆ "తరువాత" అనే మాట వింటే షాపంతా గజగజలాడేది. పిల్లలు మెట్ల మీద కూర్చుని పుస్తకాలు తిరగేసేవాళ్లు. బయటికొచ్చినవాణ్ణి చుట్టుముట్టి, "ఏమడిగింది? సిలబస్‌లోదేనా?" అని ఆరా తీసేవాళ్లు. గుమ్మం దగ్గరి గార్డు, "ఇవాళ కళ్లజోడు నుదుటి మీదకి ఎక్కింది, చూసుకోండి" అని ముందే హెచ్చరించేవాడు. మా యజమాని కూడా గాజు గది ముందు నుంచి నడవడానికి జంకేవాడు. ఆయన మేనల్లుడు కాలేజీ మానేసి ఆర్నెల్లయిందన్న సంగతి ఇంటిల్లిపాదికీ ఆవిడ వైవాలోనే తెలిసింది మరి.

ఒకసారి ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "మీకు లా తెలుసా మేడం?"

"నాకెందుకు తెలియాలి?"

"మరి వాళ్లు చెప్పింది తప్పో ఒప్పో..."

"చదివేవాడు తడబడతాడు బాబూ. తప్పు చెప్పి, నాలిక్కరుచుకుని, దిద్దుకుంటాడు. దొంగే గడగడా ఒప్పజెబుతాడు."

నేను అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. అది అడిగే ధైర్యం లేకపోయింది. కొన్ని ఫారాలకి కార్డు నకలు ఉండేది కాదు. అట్టడుగున "ఇతర రుజువు" అనే గడిలో ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో "అడిగాను. చదువుతోంది" అనో, "అడిగాను. చదువుతున్నాడు" అనో రాసేది. నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి.

పాపం పండే రోజు రానే వచ్చింది. ఆ ఏటి తగ్గింపుకి ఆఖరి రోజు. కంప్యూటర్లు తయారుచేసి ఈ తగ్గింపు భరించే కంపెనీ నుంచి ఒకాయన బ్యాగు పట్టుకుని దిగాడు.

"తనిఖీకి వచ్చాను."

"రుజువేంటి?" అంది మేడం.

ఆయన కార్డు తీశాడు. "కార్డు సరే సార్. ఆ బిల్లుల్లో ఒక తప్పు పట్టండి చూద్దాం."

ఆయన అర నిమిషంలో పట్టాడు. "ఇది పద్నాలుగో తేదీ బిల్లుల మధ్యలో ఉంది, మీద మాత్రం పదిహేనని కొట్టారు."

"అధికారే" అని ఆవిడ కుర్చీ చూపించింది. ఆ తప్పు నాది.

మధ్యాహ్నానికి ఆయన ఫైలంతా తిరగేసి ఒక కట్ట బల్ల మీద పడేశాడు. "ముప్పై ఒక్క ఫారాలు. కార్డు నకళ్లేవి?"

"కార్డే లేనివాళ్లకి నకలెక్కడిది సార్?"

"మరి తగ్గింపెలా ఇచ్చారు?"

"అడిగాను. చదువుతున్నారు. ఇచ్చాను."

"ఈ రెండు సంతకాలు పెట్టినవాళ్ల ఉద్యోగాలు పోతాయి, తెలుసా?"

రెండింట్లో ఒకటి నాది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు.

సరిగ్గా అప్పుడే వరుసలోంచి ఒకావిడ గాజు గదిలోకి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి, సబ్బు నీళ్లకి చేతివేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. సాయంత్రాలు టైర్ల షాపు మీది గదిలో, నర్సులకు సాయం చేసే పని నేర్పే కోర్సు చదువుతోందట.

"వచ్చే నెల పరీక్ష కంప్యూటర్లోనే రాయాలంట మేడం. నేనింతవరకు దాన్ని ముట్టుకోలేదు. పాసైతే నన్ను వార్డులోకి తీసుకుంటారు. ఈ తగ్గింపు ఉంటేనే కొనగలను."

"కార్డు?" అన్నాడు అధికారి.

"మా బడిలో ఇవ్వరండీ. చెప్పేది ఒక్క టీచరమ్మే."

"అయితే కుదరదు."

ఆసుపత్రావిడ వెనక్కి తిరిగింది. అలా తిరగడం ఆవిడకి అలవాటేనని చూడగానే తెలిసింది.

"ఆగమ్మా!" అంది మేడం. "ఎక్కడికి? వైవా కాందే?"

"మేడం, వద్దు" అన్నాను కిటికీలోంచి. నా జీవితంలో ఆవిడకి అడ్డు చెప్పడం అదే మొదలు. ఆవిడ వినిపించుకోలేదు.

"సారు చెయ్యి పట్టుకో. నాడి చూడు."

అధికారి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. కానీ వరుసంతా గాజుకి ముక్కులానించి చూస్తోంది. ఇక లాభం లేక చాపాడు. ఆసుపత్రావిడ బొటనవేలు ఆనించి, వెంటనే "అయ్యో, బొటనవేలు కాదు" అని తీసేసి, రెండు వేళ్లు పెట్టింది. గోడ గడియారం వైపు చూస్తూ పెదాలు కదిపింది. సగంలో ఆగిపోయింది.

"లెక్క తప్పింది సార్. మళ్లీ మొదట్నుంచి చూస్తాను."

ఆ నిమిషం ఎంతకీ గడవలేదు.

"నూట ఎనిమిది సార్. ఎక్కువే. మీరు దేనికో భయపడుతున్నారు. కాసేపు కాళ్లు చాపుకుని కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

అధికారి నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "సాయంత్రానికి నేనూ మా పైవాళ్లకి జవాబు చెప్పుకోవాలమ్మా."

మేడం ఖాళీ ఫారం ఒకటి ఆయన ముందుకు తోసింది. "ఇది మీ కంపెనీ అచ్చేసిందే కదా సార్. ఈ ఆఖరి గడి చదవండి."

"ఇతర రుజువు, పరిశీలకుల సంతృప్తి మేరకు" అని చదివి ఆయన తల గోక్కున్నాడు. "ఈ గడి ఎవరూ వాడరే!"

"వాడొద్దని రాశారా?"

"...లేదు."

"నేను సంతృప్తి పడ్డాను. మీరు?"

ఆయన తన మణికట్టు వైపు చూసుకున్నాడు. పెన్ను తీసి, ఆ కట్ట మీద "సరిచూశాను" అని రాశాడు. లేచి వెళ్తూ అడిగాడు.

"అంతా బాగుంది గాని, కార్డున్న పిల్లల్ని కూడా ఎందుకండీ ఇలా కాల్చుకు తింటారు?"

"కార్డు లేనివాళ్లనే అడిగితే సార్, అంతమందిలో వాళ్లొక్కళ్లే తలొంచుకుని నిలబడాలి. అందర్నీ అడిగితే అందరూ ఒకేలా వణుకుతారు. ఎవరి దగ్గర కార్డుందో ఎవరికి తెలుస్తుంది?"

ఇన్నేళ్లు ఆ పక్క కుర్చీలోనే కూర్చున్నాను. నాకు ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గేసింది.

అధికారి మెట్లు దిగాక, మేడం తోసిన ఫారం మీద సంతకం గీకి, బిల్లు కొట్టి కంప్యూటరు పెట్టె ఆసుపత్రావిడ చేతిలో పెట్టాను. ఆవిడ పెట్టెని చంటిపిల్లలా ఎత్తుకుని వెళ్లబోతుంటే, మేడం చెయ్యి బల్ల మీదుగా చాపింది.

"నాదీ ఓసారి చూడమ్మా."

ఆవిడ పెట్టె దింపి, ఈసారి తడబడకుండా రెండు వేళ్లు ఆనించింది. నిమిషమయ్యాక కళ్లు పెద్దవి చేసింది.

"మేడం! నూట ఇరవై నాలుగు!"

"ష్! గట్టిగా అనకు, పిల్లలు వింటారు" అని మేడం కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుంది. "తరువాత!"