వంగే పడవకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సు ఎక్కితే నాకు ఒకటే ఇబ్బంది. దిగాల్సిన ఊరు ఇంకా చాలా దూరం ఉండగానే జనం లేచి నిలబడతారు. సంచి భుజాన వేసుకుని, పైన కమ్మీ పట్టుకుని, తలుపు వైపు ఒరిగి, బస్సును తామే లాక్కుపోతున్నట్టు ముఖం పెడతారు. లేచినంత మాత్రాన ఊరు ఎదురు రాదని కొందరికి చెప్పి చూశాను. రిటైరైన మనిషి మాటకు ఇవ్వాల్సిన విలువే ఇచ్చారు. బస్సు కింద రోడ్డు ఉంది కాబట్టి గడిచిపోతోంది.

రెండువేల ఐదులో నేను కొల్లాపూర్ దగ్గర ఒక సబ్‌డివిజన్‌లో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. చదివింది మెకానికల్. తూముల షట్టర్లు ఎత్తినప్పుడు లేవాలి, దించినప్పుడు దిగాలి; అది నా ఉద్యోగం. అప్పట్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ ఒకే జిల్లా, మాకు ఒకే జీపు. వీటికి తోడు ఏటా కృష్ణ వెనకనీళ్ల మీద తిరిగే నాటుపడవలను చూసి, జనాన్ని ఎక్కించవచ్చో లేదో రాసివ్వడం కూడా మా సెక్షన్ నెత్తిన పడింది. దాన్నే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అంటారు. రాసేవాడికి ఈత రావాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఉంటే నేను రాసేవాణ్ని కాదు.

ఆ ఏడు ఆషాఢంలో ఒక రేవు నుంచి అర్జీ వచ్చింది. కుర్మయ్య పడవ ఒక పక్కకు వంగుతున్నదనీ, తమ ప్రాణాలు కాపాడవలసిందనీ దాని సారాంశం. మా పైఅధికారి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, వాడుకలో డీఈ గారు, దాని మీద ‘చూసి తగు చర్య’ అని రాసి నాకు పంపారు. మంచి జరిగితే ఆయన చూసినట్టు, చెడు జరిగితే నేను చర్య తీసుకోనట్టు.

కుర్మయ్యది పెద్దమందడి దిక్కు. అక్కడ నీళ్లు బావిలో ఉంటాయి, అవీ వానలు పడితే. ఎడ్లబండి తోలి, కొన్నేళ్లు బొంబాయిలో మట్టిపని చేసి, చివరికి నది ఒడ్డున ఒక పడవ యజమాని ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మామ పోయాక పడవ అల్లుడికి వచ్చింది. డీజిల్ భారం తట్టుకోలేక ఇంజను విప్పేసి, ఎరువుల సంచులు కుట్టించి తెరచాప ఎత్తాడు. నేను పోయేసరికి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“కాయితం ఇయ్యకుంటే రేవు వేరేటోనికి పోతది సార్. నాకు మల్ల బొంబాయే” అన్నాడు.

పడవను పరీక్షించే పద్ధతి సులువే. ఒడ్డు దగ్గర తేలుతున్న పడవలో, తెరచాప స్తంభానికి దారం కట్టి గుండు వేలాడదీస్తాం. ఇసుక సంచులను నడిమధ్య నుంచి ఒక పక్కకు జరిపి, గుండు ఎంత తప్పుకుందో చూస్తాం. తక్కువ తప్పుకుంటే పడవ నిలకడైనది.

“గోడ కడుతున్నవా సార్?” అని కుర్మయ్య అడిగాడు. గోడ అయితే బాగుండేది. గుండు మేం పెట్టిన కొలబద్ద దాటి పోయింది. ఇంకో సంచి జరిపితే మిగతా కొలత నది అడుగున తీసుకోవాల్సి వచ్చేది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. జనం కాళ్లు తడుస్తున్నాయని కూర్చునే పలకలను కుర్మయ్య పైకి, పడవ అంచు మీదికి లేపాడు. మూటలు తడుస్తున్నాయని వాటినీ పైనే పేర్పించాడు. మామ కాలం నుంచి అడుగున ఉన్న రాళ్లను తీసి ఇంటి ముందు అరుగు కట్టుకున్నాడు. అరుగు బాగా కుదిరింది, ఏమాత్రం వంగలేదు.

“మునుగుతదని భయపడే పడవల ఎవడన్న రాళ్లేస్తడా సార్?” అన్నాడు. బండి తోలినవాడికి అది న్యాయమైన ప్రశ్నే. బండి మీద గడ్డి ఎంత ఎత్తుకు పేర్చినా కింద నేల పట్టుకుని ఉంటుంది. పడవను పట్టుకునే వాళ్లు కింద ఎవరూ లేరు.

ఇక్కడ సంగతి చెప్పుకోవాలి. గాలి తెరచాపను నెట్టేది పైన. నీళ్లు పడవను అడ్డంగా జరగనివ్వకుండా ఆపేది కింద. పైన ఒకరు నెట్టి, కింద ఒకరు కాలు అడ్డం పెడితే మనిషైనా ఒరుగుతాడు. వంగిన పక్క నీళ్లలోకి దిగుతుంది, నీళ్లు ఆ పక్కను పైకి ఎత్తుతాయి. వెడల్పైన పడవకు ఈ బలం ఎక్కువ. అడుగున బరువుంటే అది కిందికి గుంజి మళ్లీ నిలబెడుతుంది. ఎంత తోసినా లేచి కూర్చునే తంజావూరు బొమ్మ కిటుకు ఇదే. బరువు పైన పెడితే ఆ బొమ్మే తలకిందులుగా పడుకుంటుంది. గాలి మరీ ఎక్కువైతే తెరచాప తాడు వదిలెయ్యాలి, గాలి జారిపోతుంది. కుర్మయ్య ఆ తాడును గూటానికి ఎద్దును కట్టినట్టు కట్టేశాడు.

అరుగు విప్పించాను. కుర్మయ్య భార్య నాతో మాట్లాడడం మానేసింది. రాళ్లు అడుగున కదలకుండా సర్దించి, కూర్చునే పలకలు కిందికి దించి, ఇక మూటలు కూడా దించమన్నాను. అక్కడ పని ఆగింది.

లింగాల నుంచి వచ్చిన నర్సమ్మ అనే ముసలామె అవతలి ఒడ్డున చేను కౌలుకు పట్టింది. పల్లి విత్తనాల సంచులతో వచ్చి పొద్దుటి నుంచి రేవులో కూర్చుని ఉంది. “విత్తనాలు నానవెట్టి మొలకలు తినాల్నా మేము? నువ్వు చేను జూసినవా ఎన్నడన్న?” అంది. చూశానన్నాను. “రోడ్డు మీదికెల్లి” అంది.

“సార్ మాట ఇను అత్తా” అని కుర్మయ్య బతిమాలాడు.

రాజీ కుదిరింది. రాళ్ల మీద చెక్కలు, చెక్కల మీద సంచులు, సంచుల మీద నర్సమ్మ. పడవ మీద నమ్మకం లేక ఆమె విత్తనాలను వదల్లేదు. గుండు మళ్లీ వేలాడదీస్తే ఈసారి గీతల మధ్యే ఆగింది. కానీ కాగితం రాసే ముందు జనంతో ఒకసారి నది దాటి చూడాలని నిబంధన. ఎక్కాను.

తెరచాప నిండింది, పడవ కొంచెం ఒరిగి అక్కడే నిలకడగా సాగింది. సరిగ్గా అలాగే ఉండాలి. నది నడుమ, రెండు గుట్టల సందులోంచి ఆషాఢం గాలి ఒక్క తోపు తోసింది. పడవ ఇంకా వంగింది. జనం లేచి ఎత్తుగా ఉన్న పక్కకు ఉరికారు. నేను కూడా నిలబడే, అందరూ ఆసీనులు కావలసిందిగా కోరాను. కూర్చుని చెబితే వెనకవాళ్లకు వినబడదు. కుర్మయ్య నేను చెప్పినట్టే తాడు వదిలాడు. గాలి జారిపోయింది, కానీ జనమంతా అవతలి పక్కనే ఉన్నారు కాబట్టి పడవ అటు పడింది. జనం ఇటు ఉరికారు. నీళ్లు అంచు దాటి లోపలికి వచ్చి, మమ్మల్ని పరామర్శించి, మా దగ్గరే ఉండిపోయాయి. కుర్మయ్య ముఖంలో బొంబాయి రైలు కనబడింది.

అప్పుడు నర్సమ్మ సంచుల మీంచి కదలకుండా గొంతెత్తింది. “కూసోండ్రి! బస్సనుకున్నరా? ఇంక రేవు రాలే! ఏడ దిగుతరు నడిమిట్ల?”

నా ప్రకటన కంటే అది సులభంగా అర్థమైంది. ఉన్నచోటే కూలబడ్డారు. రాళ్లు తమ పని మొదలుపెట్టాయి. ఊపు తగ్గుతూ తగ్గుతూ పడవ నిలబడింది. కుర్మయ్య తాడును కొద్దికొద్దిగా గుంజి తెరచాప నింపాడు, అవతలి ఒడ్డు చేరాం.

సర్టిఫికెట్ షరతులతో రాశాను: అడుగు రాళ్లు తీయరాదు, కూర్చునే పలకలు పడవ అంచు కంటే కిందనే ఉండాలి, తాడు కట్టివేయక చేతిలోనే ఉంచుకోవాలి, నది మధ్య ఎవరూ లేవరాదు. డీఈ గారు చదివి, ఇంతకూ పడవ వంగుతుందా వంగదా, ఒక్క ముక్కలో రాయమన్నారు. ‘వంగును, లేచును’ అని రాశాను. ఆయన దాని కిందే సంతకం చేశారు. కుర్మయ్య బొంబాయి పోలేదు. అరుగు మళ్లీ కట్టుకున్నాడు, వేరే రాళ్లతో.

దీనివల్ల తెలిసింది ఇది. గాలి ఉన్నచోట వంగని తెరచాప పడవ ఉండదు. అడగాల్సింది వంగినచోటి నుంచి తిరిగి వస్తుందా అని. బరువు ఎంత అనేదాని కంటే ఎక్కడ ఉంది అనేది ముఖ్యం. అన్నిటికంటే ప్రమాదం, తనంతట తాను లేచి తిరిగే బరువు.

పంట కోతల వేళ ఆ రేవుకు మళ్లీ పోయాను. నర్సమ్మ ఎప్పటిలాగే పడవ అడుగున మూటల మీద కూర్చుని ఉంది. పడవ ఇప్పుడెట్లుంది అవ్వా అని అడిగాను.

“ఒంగుతది, లేస్తది” అంది. “ఆ దినం గుడ అందరి కంటే ముందు లేసింది నువ్వే గద సారూ.”