కొమ్ముబిళ్ల కుచ్చు

గురమ్మది రాయచోటి పక్క పల్లె. కువైట్ వచ్చినప్పటి నుంచీ ఒకే ఇంట్లో పని. ఇల్లు మారని మహాతల్లి అని తోటి పనివాళ్లు ఆటపట్టిస్తారు. మారే ధైర్యం లేకే ఉండిపోయిందని ఆమెకు తెలుసు. నేల తుడిచినా నేలకెక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు తుడిచే మనిషి.

ఆ ఇంటి యజమాని బాబాకు పాత ఆయుధాల పిచ్చి. మగవాళ్లు కూర్చునే దివానియా గోడ నిండా కత్తులే. వాటిలో ఒకటి నాగాలాండ్ కొండల నుంచి వచ్చింది. దాన్ని నడుముకు వేలాడదీసే పట్టీకి కొమ్ముతో చెక్కిన బిళ్ల, ఆ బిళ్ల కింద పొడవాటి వెంట్రుకల కుచ్చు. సగం నలుపు, సగం ఎరుపు. "మీ దేశందే, చూడు," అని బాబా మురిసిపోతూ చూపించాడు. గురమ్మ తలూపింది. ఆ కొండలు ఎటువైపు ఉంటాయో ఆమెకు తెలిస్తే ఒట్టు. ఆ వెంట్రుకలను చూస్తేనే ఒళ్లు జలదరించేది.

ఒక ఉదయం దుమ్ము దులుపుతుంటే కుచ్చు కాస్తా ఊడి చేతిలోకి వచ్చింది. పాత దారం, ఎప్పుడో చీకిపోయింది. ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. భయం చెప్పనిస్తుందా? బాబా ఊరికి పంపేస్తాడని వణికిపోయి, పట్టీని గోడవైపు తిప్పేసింది. కుచ్చును రుమాలులో చుట్టి తన గదిలో దిండు కింద దాచింది. పక్కనే సూదీ ఎర్రదారమూ పెట్టుకుంది, తీరిక దొరకగానే కుట్టేద్దామని.

మధ్యాహ్నం పక్కింట్లో పనిచేసే అమీర్‌బీకి ఫోన్ చేసి చెప్పింది.

"ఎంటికలా? దిండు కిందనా?" అమీర్‌బీ కెవ్వుమంది. "మతుండాదా అక్కా నీకు? పనిమనిషి గదిలో ఎంటికలు దొరికితే సిహ్ర్ అంటారు ఈడ. చేతబడి చేసినావని పోలీసులకు పట్టిస్తారు. ఊడిపోయిందంటే తిడతారు, అంతే కదా! పో, ముందు పోయి చెప్పు!"

గురమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. గదికి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. ఇంటావిడ మామా మంచం పక్కన నిలబడి ఉంది. దిండు జరిపి ఉంది. రుమాలు విప్పి ఉంది.

"ఎవరి జుట్టు ఇది?" మామా అరబీలో అరిచింది. "నాదా? నా కూతురిదా?"

గురమ్మకు వచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో రెండే నోటికొచ్చాయి. "కత్తి... బాబా కత్తి," అని మాత్రం అనగలిగింది. కత్తి అనగానే మామా వెనక్కి తగ్గి ఫోన్ తీసింది.

గురమ్మ కుచ్చును పిడికిట పట్టుకుని దివానియాలోకి పరుగెత్తింది. లోపల మగవాళ్లున్నారేమో అని కూడా చూసుకోలేదు. అదృష్టం, బాబా ఒక్కడే ఉన్నాడు. పట్టీని ఇటు తిప్పి, కుచ్చును కొమ్ముబిళ్లకు ఆనించి పట్టుకుని భోరుమంది. నోట వచ్చింది రాయచోటి తెలుగే.

"నేనే ఊడగొట్టినా బాబా! భయపడి దాసిపెట్టినా! కుట్టేద్దామనుకుంటి!"

భాష తెలియకపోయినా బాబాకు అర్థమైంది. వెనకే వచ్చిన భార్యకు కుచ్చు చూపించి, "మేక వెంట్రుకలు, రంగు వేశారు. ఖలాస్," అని నవ్వాడు. గురమ్మ ఉన్నచోటే కూలబడింది. పోలీసులు రారు. ఉద్యోగమూ పోదు. ఆ సాయంత్రం కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు పొద్దున మామా కూతురు పాపకు జడ వేయడానికి రోజూలాగే దువ్వెన తీసుకుంది. పాప వచ్చి ఆమె ముందు కూర్చుంది. అంతలో మామా వచ్చి పాపను చేయి పట్టి లేపింది. గురమ్మ చేతిలోని దువ్వెన తీసుకుని, పళ్ల మధ్య చిక్కిన వెంట్రుకలను ఏరి తన గుప్పిట్లో దాచుకుంది.