గడప దాటిన ఫోను

"ఫోను ఛార్జింగు పెట్టావా?"

"పెట్టానులెండి. మీరు కాసేపు కళ్ళు మూసుకోండి."

మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు ఇవి. మిట్టమధ్యాహ్నం, తెనాలి ఆసుపత్రి మంచం మీద. ఇరవై ఏళ్ళ కాపురం ఛార్జింగు మాట దగ్గర ఆగిపోయింది. అందుకని ఆయన పోయాక కూడా ఆయన ఫోనుని నేను ఒక్క రోజూ చావనివ్వలేదు. పటం ముందు దీపం వెలిగించడం, పక్కనే ఫోనుకి వైరు తగిలించడం, రెండూ ఒకేసారి. ఏడాది తిరిగేదాకా అది గడప దాటకూడదని పట్టుబట్టిందీ నేనే. ఏ శాస్త్రంలోనూ లేదు. నా పిచ్చి.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది నా తోడికోడలు, ఆయన తమ్ముడి భార్య. పక్క వాటాలోనే ఉంటుంది. మాది దుగ్గిరాల దగ్గర కాలవ గట్టు మీది ఊరు. పసుపు మార్కెట్ యార్డులో కొమ్ములూ గుండ్రటి దుంప కాయలూ వేరు చేసే పని నాది. ఆయన పోయాక కొన్నాళ్ళు ఆ పనికీ వెళ్ళకుండా మూల కూర్చున్నాను.

మా అమ్మాయి ఇంటర్ పాసయి ఇంట్లో కూర్చుంది. ఆ ఏడు ఏ చదువులోనూ చేరకపోతే నా పక్కన పసుపు రాశి ముందు కూర్చోవాల్సిందే. అది నాకు తెలుసు, దానికీ తెలుసు.

పటం ముందే చతికిలబడి వాళ్ళ నాన్న ఫోనులో ఒక యాప్ పెట్టింది. చదువులూ ఉద్యోగాలూ వెతికిపెట్టే యాప్. ఇంతకాలం నేను చూసిన మనుషులు ఏదైనా అడగబోతే ముందు "ఎవరి తాలూకమ్మా?" అనేవాళ్ళు. ఇది ఆ మాట అనలేదు. ఏం చదివావు, ఏమిష్టం, ఎంత దూరం వెళ్ళగలవు, అంతే. అక్కడే దాని మీద నాకు గౌరవం పుట్టింది.

"నోటితో చెప్పినా వింటుందమ్మా. నువ్వూ ఏదో ఒకటి అడుగు," అంది పిల్ల.

"నేనేం అడుగుతానే? పసుపు కొమ్ము విరిచి మంచిదో కాదో చెప్పడం తప్ప నాకేం వచ్చు?"

ఆ మాట కాస్తా ఫోను వినేసింది. ఒక చక్రం గిరగిరా తిరిగి, తిండి సరుకుల నాణ్యత పరీక్ష చేసే డిప్లొమా ఒకటి చూపించింది. బాపట్లలో, రెండేళ్ళు, హాస్టలుంది. అది చదివితే దొరికే ఉద్యోగాలు కిందనే ఉన్నాయి. వాటిలో పసుపు మిల్లు కూడా ఉంది.

"అమ్మా, నీ పనికి చదువుందే!"

"ఉంటే ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?"

దరఖాస్తు కూడా అందులోనే పెట్టింది. వారం తిరగకుండా ఇంటర్వ్యూకి బాపట్ల రమ్మని కబురొచ్చింది. ఉన్నవి కాసిని సీట్లు. ఆ పూట రానివాళ్ళ సీటు ఇంకొకరికి పోతుంది.

"ఫోను తీసుకెళ్తానమ్మా. అన్నీ అందులోనే ఉన్నాయి," అంది బయల్దేరే ముందు.

"కాగితం మీద రాసుకో. మీ నాన్న ఫోను గడప దాటదు."

పిల్ల రాసుకుంది.

"అక్కా, నువ్వు వంటింట్లోనే ఉండు. మంచి పని మీద వెళ్తోంది, ఎదురు రాకు," అంది తోడికోడలు. నీ మాటేనమ్మా, రాయి. రాశావా? సరే. భర్త పోయిన దాన్ని, అలాగేలెమ్మని వంటింట్లో నిలబడ్డాను. పిల్ల చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఫోను టింగుమంది. యాప్ నుంచి. మైకు బొమ్మ నొక్కితే అదే చదువుతుందని పిల్ల చూపించింది, నొక్కాను. "ఈ రోజు బాపట్లలో జరగవలసిన ఇంటర్వ్యూ రేపల్లెకు మారింది. పదకొండు గంటలకు హాజరు కావాలి." మళ్ళీ నొక్కాను. మూడోసారీ నొక్కాను. విసుక్కోకుండా చెప్పింది.

తెనాలి దాకా రెండు ఊళ్ళకీ ఒకటే దారి. అక్కడ బాపట్ల రైలొక వైపు, రేపల్లె రైలొక వైపు. పిల్ల దగ్గర వేరే ఫోను లేదు, బాపట్ల రైలెక్కిందంటే ఇంక యార్డే.

వైరు పీకి, ఫోను కొంగున కట్టి, కాలవ గట్టు మీద అడ్డదారిన పడ్డాను. వెనకాల తోడికోడలు.

"అక్కా! ఎదురెళ్ళకు!"

"మరి వెనక నుంచి పిలవనా?"

"అయ్యయ్యో, వెనక నుంచి పిలవకూడదు!"

"ఎదురొస్తే తప్పు, వెనక పిలిస్తే తప్పు. నన్ను ఆకాశం నుంచి దిగమంటావా?"

వంతెన దగ్గర పిల్ల ఆటోలో ఒక కాలు పెట్టి ఉంది. గట్టు దిగి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను. ఆటోలో ఉన్న ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేంటమ్మా, పిల్లకి ఎదురొచ్చావు? కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమను."

"మేం కూర్చుంటే రైలు కూర్చోదు పిన్నిగారూ," అని ఫోను పిల్ల చేతిలో పెట్టాను. "బాపట్ల కాదంట, రేపల్లె. ఇదే చెప్పింది. తీసుకెళ్ళు."

"గడప దాటకూడదన్నావుగా?"

"దాటేసింది. నాతోపాటే దాటింది."

ఆయన పోయాక నేను వీధిలో అడుగు పెట్టడం అదే మొదలు. ఆ సంగతి ఆటో వెళ్ళిపోయాక గానీ నాకు తట్టలేదు.

రేపల్లెలో పిల్లని పసుపు మంచిదో కాదో ఎలా చెబుతావని అడిగారట. "మా అమ్మ కొమ్ము విరిచి చప్పుడు వింటుందండి, టక్కుమంటే బాగా ఎండినట్టు," అని చెప్పి, ఆ పైన పుస్తకంలో చదివింది చెప్పిందట. సీటొచ్చింది.

ఇప్పుడు బాపట్ల హాస్టల్లో ఉంది, ఫోను దాని దగ్గరే. పటం పక్కన ఉత్త వైరు వేలాడుతోంది. తీయబుద్ధి కాలేదు. ఆ యాప్ చేసినవాళ్ళెవరో నాకు తెలీదు, నేను వాళ్ళకి తెలీదు. యార్డులో ఏ పిల్ల ఇంటర్ పాసైందన్నా ముందు దాని ఊసే చెబుతాను. తోడికోడలు మాత్రం ఇప్పటికీ, దేవుడి దయ వల్ల నా ఎదురు పని చెయ్యలేదంటుంది. అననీ.

పిల్ల ఆదివారం వస్తోంది, ఈ రాసిన కాగితాలు దానికివ్వాలి. ఇంక చాలు, కలం పక్కన పెట్టి మొదటి నుంచి చదివి వినిపించు. గట్టు మీద నువ్వు అరిచిన అరుపులన్నీ ఉన్నాయో, ఏమైనా మింగేశావో నేను వినాలి.