మోకాటి లోతు

మొన్న ఉప్పుటేటి వంతెన మీద లోతును మీటర్లలో రాసిన బోర్డు చూశాను. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, వంతెన లేని రోజుల్లో లోతును ఒంటితోనే చెప్పేవాళ్లు: మోకాలు, మొల, గొంతు.

నాకప్పుడు ఐదేళ్లు. ఏరు దాటబోతూ, ఒడ్డున వల ఆరేస్తున్న పొడుగాటి మనిషిని అక్క అడిగింది. "అన్నా, ఎంత లోతుంది?"

"మోకాటి లోతేమ్మా, పోండి."

నడి ఏట్లో నా కాళ్లు బురదలో దిగబడ్డాయి. నీళ్లు గడ్డానికి తగిలాయి. ముందుకూ వెనక్కూ కదల్లేను. నోరు తెరిస్తే ఉప్పునీళ్లు. అక్క నా జడ పైకి పట్టుకుని కేకలేసింది.

ఆయన వచ్చి నన్ను పెరికి ఎత్తుకున్నాడు. నీళ్లు ఆయన తొడల దాకా కూడా రాలేదు.

"అబద్ధం చెప్పలేదే పాపా, నా మోకాలు చెప్పినాను."

తర్వాత నలభై ఏళ్లు వరద వార్తలు రాశాను. మోకాటి లోతు అని ఏ అధికారి చెప్పినా, ఎవరి మోకాలని అడిగాకే రాశాను.