ముందు షాఫ్టు, పాత దుప్పటి

జీపు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం జీపు మీద కాదు. పాపం, అది చెప్పినట్టు నడిచే బండి. దాన్ని ఎవరి కోసం ఇచ్చారో మరిచిపోయి, ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు పీక్కుపోయారే, ఆ మనుషుల మీద.

అరవైల మొదట్లో నేను దొరవారిసత్రం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉండేదాన్ని. మా ఆసుపత్రీ బ్లాకు ఆఫీసూ ఒకే ఆవరణలో ఉండేవి. పొద్దున ఎనిమిదింటికల్లా ఆ ఆవరణలో నాలుగు జీపులు వరసగా నిలబడేవి. నాలుగూ ఒకే మూసలో పోసిన బండ్లు, మిలిటరీ కోసం పుట్టిన జాతి. చేరిన శాఖను బట్టి మాత్రం ఒక్కోదానికి ఒక్కో వేషం. బ్లాకు ఆఫీసరుగారి జీపుకు కొత్త టాపు, మెత్తటి సీట్లు, ఎండ తగలకుండా పక్క తెరలు. మలేరియా వాళ్ళ జీపు వెనక చిన్న ట్రైలరు, దాన్నిండా డీడీటీ డబ్బాలు. అది పోయాక కూడా ఆ దారిలో చాలాసేపు అదే వాసన. ప్రచార శాఖ జీపు నెత్తిన రెండు మైకు బూరలు, లోపల తెర మీద బొమ్మలాడించే మిషను. నాలుగోది మాది. సీట్లు చెక్కబల్లలు, టాపుకు రెండు చోట్ల మాసికలు. కానీ లోపల స్ట్రెచరు తగిలించే ఇనుప కొక్కేలుండేవి. నా కంటికి అదే అందమైన బండి.

దాని డ్రైవరు మిలిటరీలో చేసి వచ్చిన సాయిబు, సొంతూరు కావలి. ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ మాట్లాడేవాడు. కేసు లేని రోజు జీపు కడుగుతూ పాత సంగతులు చెప్పేవాడు. పట్టాళంలో ఒక జీపు వైర్‌లెస్ స్తంభం మోసేదట, ఇంకోటి వీపున తుపాకీ మోసేదట, మరోటి టెలిఫోను తీగ పరుచుకుంటూ పోయేదట. తను నడిపింది గాయపడినవాళ్ళను మోసే జీపు. "బండి ఒకటేనమ్మా. ఒంటిమీది సామాను మారితే పని మారతాది. సామాను పీకేస్తే ఆ పని కూడా పోతాది" అన్నాడొకసారి. అప్పుడు నేను ఊరికే తలూపాను.

మా జీపుకు పెద్ద గేరు పక్కన ఇంకో చిన్న లివరు ఉండేది. మామూలు కారుకు ఇంజను బలమంతా వెనక చక్రాలకే. జీపులో ఆ చిన్న లివరు లాగితే ముందు చక్రాలు కూడా పట్టు పట్టి లాగుతాయి. ఇంజను బలాన్ని ముందుకు చేరవేసేది కింద ఉండే ఒక ఇనుప కడ్డీ. దాన్నే ముందు షాఫ్టు అంటారు. తారు రోడ్డు మీద దానితో పనే లేదు. పులికాటు సరస్సు ఒడ్డు పల్లెలకు పోవాలంటే మాత్రం ప్రాణం దానిలోనే ఉంది. వానలు పడ్డాయంటే ఆ ఉప్పు నేల మోకాలి లోతు బురద. ఎద్దుబండి ఇరుసు దాకా దిగిపోయే చోట మా జీపు మూలుగుతూ పోయి, నొప్పులు పడే ఆడమనిషిని ఆసుపత్రికి తెచ్చేది. మొదటి ఏడు అట్లా ఎంతమందిని తెచ్చామో, అందరూ పిల్లల్ని ఎత్తుకొని నవ్వుతూ ఇళ్ళకు పోయారు.

ఒక ఎండాకాలం బ్లాకు ఆఫీసరుగారి జీపుకు ముందు షాఫ్టు విరిగింది. నెల్లూరు నుంచి కొత్తది తెప్పించుకోవచ్చు. ఆయనకంత ఓపిక లేదు. మెకానిక్‌ను పంపించి మాది విప్పించాడు. రెండు రోజుల్లో తిరిగి బిగిస్తామన్నారు. ఆర్డరు కాగితం చూపించమని మా డ్రైవరు అడిగితే, అయ్యగారి నోటిమాట చాలదా అని మెకానిక్ ఎదురడిగాడు. మా డాక్టరుగారు నోట్లో నాలుక లేని మనిషి, సరేలెమ్మన్నారు.

షాఫ్టు నిండా గ్రీజు. చుట్టుకోవడానికి ఒక పాత గుడ్డ ఇమ్మని మెకానిక్ నా దగ్గరికి వచ్చాడు. నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. అక్కడ ఒక స్పానరు బయటికి తీయాలన్నా ఎవరు తీశారో తెలిసేట్టు దాని మేకుకు తన నంబరు బిళ్ళ తగిలించి తీయాలి. ఆ అలవాటు నాకు పాలతోనే వచ్చింది. ఆసుపత్రి గుడ్డల పుస్తకం తీసి, పాత దుప్పటి ఒకటి, ముందు షాఫ్టు చుట్టుకొని పోవడానికి, బ్లాకు ఆఫీసరుగారి జీపు కోసం అని రాసి, సంతకం పెట్టమన్నాను. మెకానిక్ నవ్వాడు. చిరుగుల దుప్పటికి కూడా సంతకమా అంటూనే పెట్టాడు.

వారం తిరక్కుండా దుప్పటి వచ్చింది. షాఫ్టు రాలేదు. నెల అయింది, మూడు నెలలయింది. మా డ్రైవరు వారానికొకసారి ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి అడిగి వచ్చేవాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ ఆఫీసరుగారు పోయేదెక్కడికి? సూళ్లూరుపేట, నాయుడుపేట, నెల్లూరు, అన్నీ తారు రోడ్లే. బురద మొహం చూడని జీపుకు నాలుగు చక్రాల బలం. బురదలో బతికే జీపుకు రెండు. తలచుకుంటే ఈ రోజుక్కూడా అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కార్తీక మాసం వానల్లో ఒక ఒడ్డు పల్లె నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఆయన భార్యకు రెండు రోజులుగా నొప్పులట, బిడ్డ రావడం లేదట. మా డ్రైవరు జీపు కిందికి ఒకసారి చూసి, "వెనక చక్రాలతోనే పోతుండాం సిస్టరమ్మా. దిగబడితే నన్ను తిట్టబాకండి" అని ఎక్కాడు. పోవడం పోయాం. ఆమెను స్ట్రెచరు మీద పడుకోబెట్టుకొని తిరిగి వస్తుంటే, ఊరు దాటిన కొంచెం దూరానికే జీపు కూలబడింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి, ముందువి మొద్దుల్లా ఉన్నాయి. తూర్పుగాలికి సరస్సు నీళ్ళు పొంగి జీపు అడుగు రేకు మీదికి ఎక్కాయి. ఇక లాభం లేదని అక్కడే కాన్పు చేశాను. డ్రైవరు బయట నడుం లోతు నీళ్ళలో వెనక్కి తిరిగి నిలబడి, జీపు ఒరగకుండా భుజం ఆనించి పట్టుకున్నాడు. దేవుడు చల్లగా చూశాడు, తల్లీ బిడ్డా బతికారు. పల్లెవాళ్ళు పడవ తెచ్చి ఇద్దరినీ ఇంటికి చేర్చారు. జీపును రెండు రోజుల తర్వాత ఎద్దులు కట్టి లాగారు. ఉప్పునీళ్ళు తాగి ఇంజను పాడైపోయింది.

అప్పుడు లేచింది గోల. ముందు షాఫ్టు ఏదీ అని ఎవరో పైనుంచి అడిగారు. డ్రైవరు అమ్ముకున్నాడని బ్లాకు ఆఫీసరుగారు రాసి పంపాడు. విచారణ తేలేదాకా మా డ్రైవరును పనిలోకి రావద్దన్నారు. నడుం లోతు నీళ్ళలో నిలబడి రెండు ప్రాణాలు కాచిన మనిషికి దొంగ అని పేరు.

విచారణకు నెల్లూరు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. నన్ను సాక్షిగా పిలిచారు. వరండాలో కుర్చీలు వేశారు. మా డ్రైవరు ఇస్త్రీ చేసిన పాత మిలిటరీ చొక్కా తొడుక్కొని నిటారుగా నిలబడ్డాడు. "నా సర్వీసులో ఒక బోల్టు కూడా ఇంటికి తీసుకొనిపోలేదు సార్" అన్నాడు. మెకానిక్‌ను అడిగితే నేల చూస్తూ తనకేం తెలియదన్నాడు. ఆ షాఫ్టు బిగించుకున్న జీపు వరండా ముందే, పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా వంగి దాని కిందికి చూడాలని తోచలేదు. తోచలేదో, తోచినా వంగలేదో.

నా వంతు వచ్చింది. నేను గుడ్డల పుస్తకం ఆయన ముందు పెట్టి, పేజీ తీసి చూపించాను. పెద్ద ఆఫీసరు రెండుసార్లు చదువుకొని, మెకానిక్ వైపు తిరిగి సంతకం నీదేనా అని అడిగాడు. అతను తల ఊపాడు.

డ్రైవరును మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఇచ్చిన కాగితంలో ఆరోపణ రుజువు కాలేదు అని ఉంది. తప్పు చేయలేదు అని రాయడానికి వాళ్ళకు చెయ్యి రాలేదు. బ్లాకు ఆఫీసరుగారికి ఏమీ కాలేదు. మెమో వచ్చింది నాకు. ఆసుపత్రి దుప్పటిని వైద్యేతర పనికి ఎందుకిచ్చానో సంజాయిషీ రాయాలట. దుప్పటి వారంలో తిరిగి వచ్చింది, షాఫ్టు కూడా వచ్చాక మిగతా సంజాయిషీ ఇచ్చుకుంటాను అని రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. షాఫ్టూ రాలేదు. ఇంజను బాగుచేయించిన జీపు మళ్ళీ రెండు చక్రాలతోనే వచ్చి నిలబడింది. ఈసారి పక్కన మాతా శిశు సంక్షేమం అని కొత్త రంగులో రాయించి మరీ పంపారు.

మరుసటి ఏడు వానల్లో అదే వైపు నుంచి ఇంకో కబురు వచ్చింది. కాన్పు అయింది, రక్తం ఆగడం లేదు. బురద మొదలైన చోట డ్రైవరు జీపు ఆపేశాడు. కొక్కేల నుంచి స్ట్రెచరు విప్పి భుజాన వేసుకున్నాడు. నేను మందుల సంచి నెత్తిన పెట్టుకొని వెనక నడిచాను. రెండు మైళ్ళకు రెండు గంటలు పట్టింది. మేం చేరేసరికి ఆమె ఒళ్ళు చల్లబడిపోయింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. బిడ్డ పక్కనే ఏడుస్తోంది.

తిరిగి వచ్చి ఫారం నింపాను. మరణ కారణం అన్నచోట రక్తస్రావం అని రాశాను. దాని పక్కనే, ఎవరూ అడగకపోయినా, జీపుకు ముందు షాఫ్టు లేదు అని రాసి సంతకం పెట్టాను.