అమ్మ నోటికి తేనె

మా బాపుకు చెవులు వినబడవు. పుట్టు చెవుడు కాదు, సాంచాల చెవుడు. మేం వలస వచ్చిన లింబాయత్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గాల నడుమ నిలబడి, చెవులు బాగున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ చప్పుడులో ఎంత అరిచినా వినబడదు కాబట్టి కార్మికులు పెదవులు ఆడిస్తారు, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు. ఆ అలవాటు మా ఇంటికీ వచ్చింది. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పక్కింటివాళ్ల మీద చాడీల దాకా అమ్మ బాపుతో గొంతు లేకుండానే మాట్లాడేది. వింటే ఇంట్లో ఎవరూ లేరనిపించేది గానీ, వాళ్లంత వాగుడుకాయలైన మొగుడూ పెళ్లాం మా గల్లీలో లేరు. చూసి చూసి నాకూ ఆ విద్య వచ్చింది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. రింగ్ రోడ్‌లో నేను చీరలు మడతపెట్టే దుకాణం మూసేశారు. అమ్మకు రొమ్ములో గడ్డ, కీమో నడుస్తోంది. మూడోది ఎక్కించిన వారానికి నోరంతా పూసింది. నాలుక మీద, బుగ్గల లోపల, పెదవుల మూలల్లో తెల్లటి పుండ్లు. గంజి కూడా మింగలేకపోయేది. ఉమ్మితే నెత్తురు పడేది. నోరు మానకుండా, తిండి తినకుండా ఉంటే నాలుగోది ఎక్కించలేమని, ఆలస్యమైతే గడ్డ ఆగదని డాక్టర్ చెప్పాడు. ఇంకా రెండు వారాలే ఉన్నాయి. నాలుగోది ఎక్కించే సోమవారం లోపల అమ్మ నోరు మానాలి. నాకు ఇంకో ఆలోచన లేకుండా పోయింది.

ఉప్పూ సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించమన్నారు. మొద్దుబారడానికి ఇచ్చిన మందు నోట్లో పెడితే వాంతి చేసుకునేది. అది చూసి వార్డులో నర్సు మధ రాసి చూడమంది. మధ అంటే ఇక్కడి గుజరాతీ వాళ్లకు తేనె. డాక్టర్‌ను అడిగాను. కొందరికి హాయిగా ఉంటుంది, ఖాయంగా చెప్పలేను, పుక్కిలించడం మాత్రం మానొద్దు అన్నాడు. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి కాబట్టి పచ్చి తేనె వద్దు, సీలున్న సీసాయే కొనండి అని కూడా అన్నాడు.

ఊరంతా కషాయాలు కాచుకు తాగుతున్న రోజులు. నాలుగు దుకాణాలు తిరిగితే ఒక్క సీసా దొరికింది. సలహాలకు మాత్రం కరువు లేదు. పక్కింటి అత్త వెలిగారం పొంగించి తేనెలో కలపమంది. ఊరి చివర సచిన్ అనే పేటలో ఉండే చుట్టమొకాయన ఫోన్ చేసి, తేనెటీగలు పట్టులో పూసుకునే జిగురు చుక్కలు వేస్తే పుండ్లేమిటి, గడ్డే కరిగిపోతుందన్నాడు. తన పెళ్లానికి ముక్కు కారితే పెద్దాసుపత్రికి పరుగెత్తే మనిషి. ఫోన్ పెట్టేశాను.

బాపు అంతకంటే ఘనుడు. డాంగ్ అడవుల వైపు నుంచి వచ్చిన ఎవరినో పట్టుకుని, స్టీలు డబ్బాలో తేనెపట్టు తెచ్చాడు. అందులో చచ్చిన ఈగలు, మైనపు ముక్కలు. నా సీసాలోది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, నూలుకు పట్టించే గంజి చూసినట్టు సాగదీసి, ఇది చక్కెర పాకం అని తేల్చాడు. డాక్టర్ మాట చెబుదామంటే నా మూతికి మాస్కు, ఆయనకు అర్థం కాదు. మాస్కు లాగేసి మొహం మీదే అరిచాను. డబ్బా పట్టుకుని వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను చెప్పింది సరైనదే. అయినా అట్లా అరవకుండా ఉండాల్సింది.

పుక్కిలించాక శుభ్రమైన దూదితో పుండ్ల మీద తేనె అద్దేదాన్ని. మొదట భగ్గుమనేది, కళ్లల్లో నీళ్లు కారేవి. తర్వాత ఓ పావుగంట నోరు కొంచెం వదులయ్యేది. ఆ పావుగంటలోనే పలుచటి జావ నాలుగు చెంచాలు పోసేదాన్ని. రోజుకు నాలుగైదు సార్లు ఇదే పని. నాలుగు రోజులకు పుండ్ల అంచులు ఎండినట్టు కనబడ్డాయి. తేనె పనిచేసిందో, రోజులు గడిచి మానుతున్నాయో నాకు తెలియదు. నేను మాత్రం తేనెకే దండం పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో అమ్మ నాకు మూలిగి, చెయ్యి చూపించి కావలసింది చెప్పేది. బాపుకు మూలుగు వినబడదు, పెదవులా కదలవు. ఎదురుగా కూర్చుని ఆ మొహం వంకే చూసి చూసి లేచిపోయేవాడు.

ముందే చెబుతున్నాను, నాలుగోది ఎక్కిన పదకొండో రోజున జ్వరం వచ్చి అమ్మ పోయింది. కానీ నన్ను ఇప్పటికీ పట్టి పీడించేది ఆ నాలుగోది ఎక్కించడానికి ముందరి శనివారం.

ఆ పొద్దున తేనె అద్ది, జావ కోసం పొయ్యి దగ్గరికి వెళ్లాను. అమ్మ బాపును చెయ్యి ఊపి పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది. పెదవులు కదిలించింది. మెల్లగా, ఒక్కో మాటకూ ఆగుతూ. నేను జావ కోసం దాచుకున్న పావుగంటను ఆమె మాటకు వాడుకుంటోంది. పొయ్యి దగ్గర్నుంచి అంతా చదివాను.

“ఇగ సాలు. నాతోని ఐతలేదు. సోమారం నన్ను తీస్కపోకు.”

బాపు కదలకుండా చూశాడు. ముప్పై ఏళ్లలో అమ్మ పెదవుల మీది మాట ఆయనకు అర్థం కాకపోవడం నేనెరగను. నా వైపు తిరిగాడు.

“ఏమంటుంది మీ అమ్మ? నాకు సమజ్ గాలే.”

ఆయనకు అర్థమైందని నాకు తెలుసు. మోయలేక నా నెత్తిన పెట్టాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు ఆ కోపం పోలేదు. నేను మాత్రం ఏం చేశాను? ఆయనకు కనబడాలని మాస్కు కిందికి దించాను.

“నీళ్లు కావాల్నట బాపు.”

అమ్మ నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. అన్నాను కాబట్టి తేక తప్పలేదు, గ్లాసు నిండా నీళ్లు ముంచి తెచ్చాను. ఆమె అడగలేదని ముగ్గురికీ తెలుసు. రెండు చేతులా గ్లాసు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్కో గుక్కకూ భుజాలు వణుకుతుండగా, అడుగుదాకా తాగింది.